చూపే గురువుగా ఎదిగిన చిత్రకారుడు రాజా రవివర్మ

రాజా రవివర్మ 1848 ఏప్రిల్ 29న కేరళలోని కిలిమానూరులో జన్మించారు. ఆయన ఏ చిత్రకళా పాఠశాలలోనూ దేహనిర్మాణాన్ని అభ్యసించలేదు. మేనమామ రాజరాజవర్మ తొలి పాఠాలు నేర్పారు. 1868లో తిరువాన్కూరు ఆస్థానానికి వచ్చిన ఐరోపా చిత్రకారుడు థియోడర్ జెన్సన్ తైలవర్ణ విద్యను బోధించేందుకు నిరాకరించి, తాను గీస్తుండగా చూసేందుకు మాత్రమే అనుమతించారు. రవివర్మకు ఆ చూపే గురువైంది. సిగలో పూలు తురుముకుంటున్న నాయర్ వనిత చిత్రానికి 1873లో మద్రాసు ప్రదర్శనలో స్వర్ణపతకం లభించింది. అనంతర కాలపు శకుంతల చిత్రంలో భంగిమే కథ చెబుతుంది: సఖి భుజంపై చేయి ఆనించి, ముల్లు తీసే నెపంతో పాదమెత్తి, ఆమె దుష్యంతుని కోసం వెనుదిరిగి చూస్తుంది. 1894లో బొంబాయిలో స్థాపించిన ముద్రణాలయం ఆయన రూపాలను సామాన్యుల ఇళ్లకు చేర్చింది. 1906 అక్టోబరు 2న రవివర్మ కన్నుమూశారు.