బుద్ధికి అందని దైవం: గణేశ్‌పురి నిత్యానందులు

తెలంగాణ నుంచి ఎన్నో నేత కుటుంబాలు తరలివెళ్లిన మరమగ్గాల పట్టణం భివండీ. ఆ తాలూకాలోనే తాన్సా నది చెంత, వేడినీటి బుగ్గల నడుమ గణేశ్‌పురి వెలసింది. అవధూతగా ప్రసిద్ధులైన భగవాన్ నిత్యానందులు తమ చివరి దశాబ్దాలు అక్కడే గడిపారు.

కేరళలో పుట్టిన ఆయన 1920ల్లో మంగళూరులో పలికిన పలుకులను భక్తులు కన్నడంలో రాసుకున్నారు. అవే చిదాకాశగీతగా వెలువడ్డాయి. భగవంతుడు తర్కానికి చిక్కడనీ, బుద్ధి తనలోనికి తిరిగి శాంతించినప్పుడే అనుభవానికి వస్తాడనీ దాని సారాంశం.

గణేశ్‌పురిలో ఆయన మితభాషి. ఉపన్యాసాలు లేవు, వాదాలు లేవు. అనంతాన్ని గూర్చిన సందేహాలతో వచ్చినవారికి తరచు లభించినది మౌనమే. ఆకలిగొన్న పిల్లలకు మాత్రం అన్నం లభించేది.

1961 ఆగస్టు 8న ఆయన సమాధి చెందారు. బుద్ధి దైవాన్ని కొలవలేకపోయినా, ఎదుటివారి ఆకలిని గుర్తించగలదని ఆ జీవితం చాటింది.