అల వెంట పరుగెత్తిన ఇంజనీరు

బీచుపల్లి రేవులో కృష్ణలోకి రాయి విసిరితే అల లేస్తుంది. నాలుగు బారలు పోయేసరికి పలచబడి మాయమవుతుంది. చెదరకుండా మైళ్ళు నడిచే అల ఉందంటే మనం నమ్ముతామా? అలాంటి అలను కళ్ళారా చూసిన ఒక పెద్దమనిషి జీవితాన్ని ఈ ఏడు మన పిల్లల కోసం ఎంచుకున్నాము.

జాన్ స్కాట్ రస్సెల్ 1808లో స్కాట్లండులో జన్మించారు. 1834 ఆగస్టులో ఎడింబరో దగ్గరి కాలువలో గుర్రాలు లాగే పడవను పరీక్షిస్తున్నారు. పడవ ఠక్కున ఆగింది. దాని ముందు పోగైన నీరు మాత్రం ఆగలేదు. ముప్పై అడుగుల పొడవు, అడుగూ అడుగున్నర ఎత్తున్న ఒకే దిమ్మెలా ముందుకు సాగింది. ఆయన గుర్రమెక్కి వెంటపడ్డారు. మైలు, రెండు మైళ్ళదాకా అది కలిసి నడిచింది!

ఇంట్లో తొట్టి కట్టించి అలాంటి అలలను మళ్ళీ మళ్ళీ పుట్టించి కొలిచారు. 1844లో నివేదిక సమర్పించారు. ఎయిరీ, స్టోక్స్ వంటి ఉద్దండ గణితజ్ఞులు సందేహించారు. అయినా ఆయన తన మాట వదులుకోలేదు. ఓడల నిర్మాణంలోనూ పేరు గడించారు. బ్రూనెల్‌తో కలిసి ఆయన కట్టిన 'గ్రేట్ ఈస్టర్న్' ఓడే 1870లో బొంబాయి, ఏడెన్‌ల మధ్య సముద్రంలో తంతి తీగ పరిచింది. 1882లో ఆయన కన్నుమూశారు.

1895లో కోర్టెవెగ్, డి వ్రీస్ అనే హాలండు పండితులు ఆ అలకు సమీకరణం రాశారు. 1965లో దాని వంటి అలలకు 'సాలిటాన్' అని పేరొచ్చింది. 1973లో హసెగావా, టాపర్ట్ అనే శాస్త్రజ్ఞులు, సన్నని గాజు తంతువులో వెలుగు కూడా ఇలాగే నడవగలదని లెక్కగట్టారు. మామూలుగా వెలుగు తునక పోనుపోను సాగి పలచబడుతుంది. కానీ వెలుగు బలంగా ఉంటే గాజు గుణమే కాస్త మారి దాన్ని దగ్గరికి కుదిస్తుంది. తగిన రంగు వెలుగులో ఈ సాగుడూ కుదింపూ సరితూగితే ఆకారం చెడదు. 1980లో ప్రయోగం దీన్ని రుజువు చేసింది.

అంటే తీగ పరిచే ఓడను కట్టినాయన చూసిన అలే, గాజు తీగలో వెలుగుకు నమూనా అయింది. అది చూడటానికి ఆయన లేరు.

పెద్దలు చెప్పారని ఊరుకోక పరీక్షించి తేల్చుకోవాలని, వెయ్యేళ్ళ క్రితం వెలుగు మీద ప్రయోగాలు చేసిన ఇబ్న్ అల్ హైథమ్ చూపిన బాటా ఇదే. మన బిడ్డలు ఏటి ఒడ్డున నిలబడి అడిగే ప్రశ్నలను కసురుకోవద్దని తల్లిదండ్రులకు మా మనవి. వారి చదువులో అల్లాహ్ బర్కత్ ప్రసాదించుగాక.