మహారాణి లక్ష్మమ్మణ్ణి

బూదికోట పేరు చెప్పగానే ఇచట జన్మించిన హైదరాలీ స్మరణకు వచ్చుట సహజం. ఆయన చేత అధికారం కోల్పోయిన మైసూరు రాజవంశాన్ని పునఃప్రతిష్ఠించిన సాహసవనిత మహారాణి లక్ష్మమ్మణ్ణి.

ఆమె ఇమ్మడి కృష్ణరాజ ఒడెయరు ధర్మపత్ని. 1766లో భర్త గతించిన పిమ్మట, శ్రీరంగపట్టణంలో ప్రత్యర్థుల కనుసన్నలలో ఉంటూనే, ప్రధాని తిరుమలరావు ద్వారా ఆంగ్లేయులతో రహస్య మంతనాలు సాగించారు. బయటపడితే ప్రాణాలకే ముప్పు. 1782లో తంజావూరులో ఒడంబడిక కుదిరినా, ఫలితానికై మరి 17 సంవత్సరాలు నిరీక్షించవలసి వచ్చింది.

1799 మే 4న టిప్పు సుల్తాను యుద్ధభూమిలో అసువులు బాసారు. జూన్ 30న, ఐదేండ్లైనా నిండని ముమ్మడి కృష్ణరాజ ఒడెయరు సింహాసనాన్ని అధిష్ఠించారు. వరుసకు నాయనమ్మ అయిన లక్ష్మమ్మణ్ణి రాజప్రతినిధిగా, పూర్ణయ్య దివానుగా పాలన ఆరంభమైనది.

అయితే దానికి చెల్లించిన మూల్యం అల్పమైనది కాదు. ఏటేటా 7 లక్షల వరహాలు కుంపిణీకి చెల్లించవలెను. రాజ్యరక్షణ భారం కూడా కుంపిణీదే. రాజ్యం ముక్కలైనది. గుత్తి, గుర్రంకొండ సీమలు నిజాముకు దక్కి, 1800లో కుంపిణీ పరమైనవి. కోలారు సీమ మైసూరులోనే నిలిచినది. తెలుగు పలికే మన ప్రాంతం నేడు కర్ణాటకలో ఉండుటకు మూలం ఆ పంపకమే.

లక్ష్మమ్మణ్ణి 1810లో పరమపదించారు. రాజ్యం సగమే దక్కినా, ముప్పది ఏండ్లకు పైగా సడలని ఆమె పట్టుదల నేటి బాలికలకు ఆదర్శప్రాయం.