శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్

రాజ్యాంగ సభ సభ్యురాలుగా, ప్లానింగ్ కమిషన్ సభ్యురాలుగా దుర్గాబాయమ్మగారు చేసిన దేశసేవ మనవారందరికీ తెలిసినదే. చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలను సంఘసేవా శిక్షణకు అర్హులను చేయుటకు ఆమె పడిన పాటును గురించి మాత్రం ఇక్కడ నాలుగు మాటలు వ్రాయదలచినాను.

ఆమె 1909 జూలై 15వ తేదీన రాజమహేంద్రవరంలో జన్మించినారు. ఎనిమిదవ ఏటనే పెండ్లి అయినది. చిన్నతనంలోనే హిందీ నేర్చి, తోటి బాలికలకు పాఠశాల నడిపినారు. ఉప్పు సత్యాగ్రహం మొదలు 1933 వరకు మూడుసార్లు జైలుకు వెళ్లినారు. అక్షరం రాని స్త్రీలు చేయని నేరాలను సైతం ఒప్పుకొని శిక్షలు అనుభవించుట అక్కడ చూచి, ఎట్లయినను చదువవలెనని నిశ్చయించుకొన్నారు.

బడి వయస్సు ఎప్పుడో దాటిపోయినది. అయినను కాశీ హిందూ విశ్వవిద్యాలయంవారి మెట్రిక్యులేషన్‌కు ప్రైవేటుగా చదివి నెగ్గినారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరబోగా, స్త్రీలకు హాస్టలు లేదన్నారు. ఆమె పత్రికలో ప్రకటన వేయించి, అదే కారణంచేత ఆగిపోయిన ఆడపిల్లలను పదిమంది వరకు కూడగట్టి, వసతి చూచుకొని చేరినారు. 1942లో మద్రాసులో లా పట్టం పుచ్చుకొన్నారు.

అంతకుముందే, 1937లో, మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించి, తాను నడచిన దారినే ఇతర స్త్రీలను నడిపించినారు. ఆ కాశీ మెట్రిక్యులేషన్‌కే అక్కడ తరగతులు పెట్టినారు.

1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడగా, ఆమె తొలి అధ్యక్షురాలైనారు. ఆ సంవత్సరమే శ్రీ సి. డి. దేశ్‌ముఖ్‌గారిని వివాహమాడినారు. పల్లెలలో పనిచేయుటకు గ్రామసేవికలు, నర్సులు, ఉపాధ్యాయినులు కావలసి వచ్చినారు. ఆ శిక్షణలో చేరుటకు బడి చదువు ఉండవలెను. పల్లె కష్టసుఖాలు ఎరిగిన స్త్రీలకు, ముఖ్యంగా వితంతువులకు, భర్తలు విడిచిపెట్టినవారికి, ఆ చదువు లేదు. పరీక్షను తేలిక చేయుట ఒక మార్గము. ఆమెకు అది సమ్మతము కాలేదు. 1958లో బోర్డు ద్వారా వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యాక్రమం ప్రవేశపెట్టినారు. పలు సంవత్సరాల పాఠాలను రెండేళ్లలో నేర్పి, అందరూ వ్రాసే పరీక్షకే వారిని పంపేవారు. మెట్రిక్యులేషన్ సర్టిఫికేటుతో రైల్వేలో గుమాస్తాగా చేరిన నావంటివానికి ఆ కాగితం విలువ బాగుగా తెలియును.

అంధులకొరకు కూడ ఆమె ఢిల్లీలో బడి, వసతిగృహం, పనిశాల ఏర్పాటు చేయించినారు. 1975లో పద్మవిభూషణ్ బిరుదు పొంది, 1981 మే 9వ తేదీన పరమపదించినారు.

నేడు అనేక విశ్వవిద్యాలయాలలో సోషల్ వర్కు బోధించుచున్నారు. చూపులేనివారు, పిల్లల తల్లులు, పగలు కొలువు చేసుకొనేవారు, ఇంగ్లీషు ధారాళంగా రానివారు ఆ తరగతులకు రాగోరుదురు. కష్టము ఎరిగినవారే కష్టములోనున్నవారికి చక్కగా తోడ్పడగలరు. వారికి వీలైన వేళలు, వినదగిన పాఠాలు, తమ భాషలో పుస్తకాలు సమకూర్చుట పెద్దల విధి. ఈ ఉగాదినాడు మన సంఘసభ్యులు చదువు ఆగిపోయిన ఒక్క ఆడపడుచునైనను తిరిగి పుస్తకం పట్టించిన, అదియే ఆ మహనీయురాలికి తగిన నివాళి కాగలదు.