పరదేశం పోలేని రోగుల కోసం హైదరాబాద్‌లో రేడియం దవాఖాన: నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ జీవితం

బిచ్కుంద, మద్నూర్, జుక్కల్, పిట్లం వైపు ఊళ్లలో ఎవరికైనా గొంతులోనో, రొమ్ములోనో గడ్డ ఉందని డాక్టర్ చెప్పి పెద్ద దవాఖానకు రాసిచ్చాడంటే, ఇంట్లో వాళ్ల నోట ముందుగా వచ్చే పేరు ఎంఎన్‌జే. పొద్దున్నే బస్సెక్కి జోగిపేట, సంగారెడ్డి మీదుగా హైదరాబాద్ చేరుతారు. లక్డీకాపూల్ దగ్గర దిగి రెడ్‌హిల్స్ దారి అడుగుతారు. దవాఖాన గేటు మీద, ఓపీ చీటీ మీద, మందుల కాగితం మీద ఆ మూడు అక్షరాలే కనిపిస్తాయి. ఎం అంటే మెహదీ, ఎన్ అంటే నవాజ్, జే అంటే జంగ్. రోజూ వందల మంది పలికే ఆ పేరు ఎవరిదో, ఆ మనిషి ఎట్లాంటివాడో మాత్రం చాలామందికి తెలియదు.

పేరు విని కొందరు పొరబడతారు కూడా. బిచ్కుంద వైపు వాళ్లకు బాగా తెలిసిన నవాబు ఇంకొకరున్నారు. మంజీరా మీద నిజాంసాగర్ కట్టించిన ఇంజనీర్ నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆయన. ఇద్దరూ నిజాం కొలువులో పనిచేసినవాళ్లే గానీ, వేర్వేరు మనుషులు. ఒకరు పొలాలకు నీళ్లు తెచ్చారు. ఇంకొకరు రోగులకు దవాఖాన తెచ్చారు.

మూసీ వరదల కాలపు పిల్లవాడు

మెహదీ నవాజ్ జంగ్ 1894లో పుట్టారు. ఆయన అసలు పేరు మెహదీ. నవాజ్ జంగ్ అనేది నిజాం సర్కారు ఇచ్చిన బిరుదు. ఆయనకు ఏడాదిన్నర వయసున్నప్పుడు, 1895లో, జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్‌రే కిరణాలను కనిపెట్టాడు. నాలుగేళ్లప్పుడు, 1898లో, పారిస్‌లో మేరీ క్యూరీ, ఆమె భర్త పియర్ కలిసి రేడియం కనిపెట్టారు. ఈ రెండు వార్తలతో హైదరాబాద్‌లోని ఒక పసివాడికి ఏ సంబంధమూ లేదు. తర్వాత కాలంలో మాత్రం ఆయన పేరు నిలిచింది ఆ కిరణాలతో ఇలాజ్ చేసే చోటనే.

ఆయన పెరిగిన హైదరాబాద్ కష్టాలు చూసిన ఊరు. 1908 సెప్టెంబర్‌లో మూసీ పొంగి వేలమందిని మింగినప్పుడు ఆయనకు పద్నాలుగేళ్లు. ఆ వరద తర్వాతే ఊరిని మళ్లీ కట్టుకోవాలన్న ఆలోచన పుట్టింది. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇరుకు గల్లీలు తీసేయడం, రోడ్లు వెడల్పు చేయడం, మురుగు కాల్వలు వేయడం మొదలైంది. రోగం ఎక్కువగా పట్టేది ఎవరికి అంటే గాలి, వెలుతురు లేని ఇళ్లలో ఉండే బీదవాళ్లకే. మెహదీ నవాజ్ జంగ్ తరం అధికారులు ఈ పాఠం నేర్చుకునే పనిలోకి వచ్చారు.

కొలువు, కొండలు

సర్కారు కొలువులో ఆయన మెట్టు మెట్టుగా ఎదిగారు. నిజాం ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్‌కు సెక్రటరీగా పనిచేశారు. 1926 నుంచి 1937 దాకా ఆ కౌన్సిల్‌కు అధ్యక్షుడు మహారాజా కిషన్ పర్షాద్. హిందూ ముస్లిం తేడా లేకుండా అందరినీ దగ్గరికి తీసిన పెద్దమనిషిగా హైదరాబాద్ ఆయన్ను గుర్తు పెట్టుకుంది. ఉర్దూ కవి కూడా. మెహదీ నవాజ్ జంగ్ నడవడిలో ఆ సావాసం ఛాయలు కనిపిస్తాయి.

తర్వాత హైదరాబాద్ మున్సిపల్ కమిషనర్‌గా కూడా ఉన్నారు. అయితే ఊరి జనం ఆయన్ను ఎక్కువగా తలుచుకునేది బంజారాహిల్స్‌తో. ఆ రోజుల్లో అక్కడ రాళ్లు, ముళ్లపొదలు, లంబాడీ తండాలు తప్ప ఏమీ లేవు. ఎవరూ ఇల్లు కట్టాలనుకోని ఆ గుట్టల్లో ఆయన ఇల్లు కట్టుకున్నారు. రాళ్లను పగలగొట్టించకుండా, ఉన్న రాళ్లనే గోడల్లో కలుపుకుని కట్టించిన ఇల్లు అది. పేరు బంజారా భవన్. ఆ గుట్టలకు కూడా అక్కడి బంజారాల పేరే స్థిరపడింది. 1933లో రవీంద్రనాథ్ ఠాగూర్ హైదరాబాద్ వచ్చినప్పుడు ఆ ఇంట్లోనే బస చేశారు. ఆ కొండల మీద ఒక కవిత కూడా రాశారు. మెహదీపట్నానికి ఆ పేరు వచ్చింది ఈ నవాబు వల్లేనని హైదరాబాద్‌లో చెప్పుకుంటారు.

ఆ రోజుల్లో క్యాన్సర్ ఇలాజ్ ఎక్కడ?

ఆయన చేసిన పని విలువ తెలియాలంటే, అప్పటి రోగుల పరిస్థితి ముందు తెలియాలి.

గడ్డను కోసి తీసేయడం ఒక దారి. కోయలేని చోట ఉంటే కిరణాలతో కాల్చడం ఇంకో దారి. రేడియం నింపిన సన్నని సూదులను, గొట్టాలను గడ్డలోనో, గడ్డ పక్కనో కొన్ని గంటలో, కొన్ని రోజులో ఉంచేవారు. నాలుక, దవడ, గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్లకు ఈ పద్ధతి బాగా పనిచేసేది. చిక్కంతా రేడియం ధరతోనే. 1921లో అమెరికా మహిళలు చందాలు పోగుచేసి మేరీ క్యూరీకి కానుకగా ఇచ్చిన రేడియం ఒకే ఒక్క గ్రాము. దాని ఖరీదు అప్పట్లో దాదాపు లక్ష డాలర్లు. అందుకే ఆ ఇలాజ్ ఐరోపాలో, అమెరికాలో కొన్ని పెద్ద దవాఖానల్లోనే దొరికేది. ఓడ టికెట్టు కొనగలిగినవాళ్లకే ఆశ ఉండేది.

డబ్బున్నా ప్రాణం దక్కుతుందన్న నమ్మకం లేదు. టాటా కుటుంబానికి చెందిన దొరాబ్జీ టాటా భార్య మెహర్‌బాయికి రక్త క్యాన్సర్ సోకింది. ఆమె 1931లో వేల్స్‌లోని ఒక దవాఖానలో కన్నుమూశారు. మరుసటి ఏడాది దొరాబ్జీ కూడా జర్మనీలో చనిపోయారు. పరదేశంలో దొరికే రేడియం ఇలాజ్ మన దేశంలో కూడా దొరకాలన్నది ఆయన కోరిక. ఆ కోరికను ఆయన పేరిట ఉన్న ట్రస్టు తీర్చింది. 1941 ఫిబ్రవరి 28న బొంబాయిలో టాటా మెమోరియల్ దవాఖాన మొదలైంది. కలకత్తాలో చిత్తరంజన్ క్యాన్సర్ హాస్పిటల్ 1950లో తెరుచుకుంది. దాన్ని తెరిచింది మేరీ క్యూరీ కూతురు ఐరీన్ జోలియో క్యూరీ. మద్రాసు అడయార్‌లో డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి పూనుకుని 1954లో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. క్యాన్సర్‌తో సొంత చెల్లెలు పోయిన దుఃఖం ఆమెను ఆ పనికి పూనుకునేలా చేసింది.

మరి బిచ్కుంద రోగి సంగతి? 1948 దాకా హైదరాబాద్ వేరే రాజ్యం. మన రూపాయి వేరు, హాలీ సిక్కా అనేవారు. అది బొంబాయిలో చెల్లదు, ఇంగ్లీషు రూపాయలుగా మార్చుకోవాలి. సరిహద్దు దగ్గర సరుకులకు సుంకం కట్టే కరోడ్‌గీరీ నాకాలు ఉండేవి. నిజామాబాద్ జిల్లా రైతుకు బొంబాయి, మద్రాసు ఒక విధంగా పరదేశమే. భాష రాదు, తెలిసినవాళ్లు లేరు. ఒక్క రోజులో అయిపోయే ఇలాజ్ కూడా కాదు. అందుకే చాలా ఇళ్లలో రోగిని మంచం మీదనే ఉంచి, నాటు మందు పూసి, దువా చేస్తూ రోజులు లెక్కపెట్టేవారు.

1955

1948 పోలీస్ చర్య తర్వాత హైదరాబాద్ ముస్లిం పెద్ద కుటుంబాల బతుకు తలకిందులైంది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. ఎందరో కొలువులు పోగొట్టుకున్నారు. కొందరు కరాచీ వెళ్లిపోయారు, ఇంకొందరు ఇంటి తలుపులు మూసుకుని పాత రోజులు తలుచుకుంటూ కూర్చున్నారు. మెహదీ నవాజ్ జంగ్‌కు అప్పటికే యాభై దాటాయి. ఆయన ఎక్కడికీ పోలేదు, మూల కూర్చోనూ లేదు. కొత్త కాలపు రాజకీయాల్లోకి వచ్చారు. 1952లో బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రిగా ఏర్పడిన ప్రభుత్వంలో మంత్రి అయ్యారు. నవాబు బిరుదు ఉన్న మనిషి ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వంలో కూర్చుని పనిచేశారు.

ఆ మంత్రి పదవిలో ఉన్న కాలంలోనే, 1955లో, ఆయన చొరవతో హైదరాబాద్‌లో రేడియం ఇన్‌స్టిట్యూట్ అండ్ క్యాన్సర్ హాస్పిటల్ మొదలైంది. అదే నేటి ఎంఎన్‌జే. దాని పక్కనే, రెండేళ్ల ముందు 1953లో తెరుచుకున్న నీలోఫర్ దవాఖాన ఉంది. అది తల్లులకు, పిల్లలకు. ఇది క్యాన్సర్ రోగులకు. నగరం మధ్యలో, రైలు దిగినా, బస్సు దిగినా నడిచి పోగలిగినంత దూరంలో రెండు దవాఖానలు పక్కపక్కన వచ్చాయి.

హైదరాబాద్‌కు ఇది కొత్త సంప్రదాయం కాదు. 1595లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా దారుల్ షిఫా కట్టించిన ఊరు ఇది. అక్కడ రోగులను ఉంచి వైద్యం చేసేవారు, హకీములు వైద్యం నేర్పేవారు. మెహదీ నవాజ్ జంగ్ చేసింది ఆ పాత రివాజునే కొత్త విజ్ఞానంతో కొనసాగించడం. కిరణాల ఇలాజ్‌కు దగ్గరితనం చాలా ముఖ్యం. వారానికి ఐదు రోజుల చొప్పున ఐదారు వారాలు రోజూ కొన్ని నిమిషాలు మెషీన్ కింద పడుకోవాలి. మధ్యలో మానేస్తే ఫలితం తగ్గుతుంది. అన్ని రోజులు బొంబాయిలో ఉండగలిగే కూలి మనిషి ఎక్కడుంటాడు? హైదరాబాద్‌లో అయితే చుట్టాలో, పక్కల్లోనో, మస్జిద్ దగ్గరి సరాయిలోనో తల దాచుకోవచ్చు. ఉండలేకపోతే ఊరికి పోయి రావచ్చు.

గవర్నర్‌గా

1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక నీలం సంజీవరెడ్డి మంత్రివర్గంలో కూడా ఆయన ఉన్నారు. 1960 మే 1న గుజరాత్ కొత్త రాష్ట్రంగా పుట్టింది. దానికి మొదటి గవర్నర్‌గా మెహదీ నవాజ్ జంగ్ వెళ్లారు. అప్పుడు రాజ్‌భవన్ అహ్మదాబాద్ షాహీబాగ్‌లోని పాత మొగల్ మహల్‌లో ఉండేది. చిత్రం ఏమిటంటే, బంజారాహిల్స్‌లో ఆయన ఆతిథ్యం ఇచ్చిన ఠాగూర్ పదిహేడేళ్ల వయసులో కొన్నాళ్లు ఆ మహల్‌లోనే ఉన్నారు.

గుజరాత్ ముఖ్యమంత్రి జీవ్‌రాజ్ మెహతా స్వయంగా పేరున్న డాక్టర్. 1965లో కచ్ సరిహద్దులో పాకిస్తాన్‌తో ఘర్షణలు జరిగినప్పుడు గవర్నర్ పదవిలో ఉన్నది ఈ హైదరాబాదీ ముస్లిమే. ఆ ఏడాది ఆగస్టులో పదవి ముగిసింది. 1967లో ఆయన కన్నుమూశారు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పోయిందీ ఆ ఏడాదే. హైదరాబాద్ పాత తరం ఆ ఏడాది ఒక్కసారిగా చిన్నబోయింది.

ఆయన తర్వాత

దవాఖానకు ఆయన పేరే పెట్టారు. కాలం గడిచే కొద్దీ రేడియం సూదులు పోయి కోబాల్ట్ మెషీన్లు వచ్చాయి, తర్వాత లీనియర్ యాక్సిలరేటర్లు వచ్చాయి. ఎంఎన్‌జే ప్రభుత్వ దవాఖానగా, ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రంగా ఎదిగింది. ఉచితంగా వైద్యం చేస్తోంది. తగ్గే దశ దాటినవాళ్లకు నొప్పి తగ్గించే సేవలు కూడా అక్కడ ఉన్నాయి. ఒక మందుల కంపెనీ ఫౌండేషన్ ఖర్చుతో 300 పడకల కొత్త బ్లాకు కూడా వచ్చింది. తెలంగాణ జిల్లాల నుంచే కాకుండా మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దు ఊళ్ల నుంచి కూడా రోగులు వస్తారు.

పరదేశం పోవాలన్న ఆశ మాత్రం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ప్రోటాన్ థెరపీ అనే కొత్త రకం కిరణాల ఇలాజ్ కోసం మొన్నమొన్నటి దాకా అమెరికాకో, ఐరోపాకో పోవలసి వచ్చేది. 2019లో అది చెన్నైకి వచ్చింది. మెదడు, వెన్నెముక, కంటి దగ్గరి గడ్డలకు, చిన్నపిల్లల క్యాన్సర్లకు దాని మేలు ఎక్కువ. అందరికీ అది అవసరం లేదు. మన ఊళ్లలో ఎక్కువగా వచ్చే నోటి క్యాన్సర్, గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్ రోగుల్లో చాలామందికి కావలసిన కిరణాల ఇలాజ్ హైదరాబాద్‌లోనే దొరుకుతుంది. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే ఖర్చు భారం కూడా తగ్గుతుంది. అందుకే భూమి అమ్మి, నగలు అమ్మి దూర దేశం బయలుదేరే ముందు ఒకసారి పెద్ద దవాఖాన డాక్టర్లను అడగడం మంచిది.

ఇప్పుడు రోగిని చంపుతున్నది దూరం కన్నా ఆలస్యమే. జర్దా పాన్, గుట్కా నమిలే వాళ్లకు నోట్లో తెల్లమచ్చ, మూడు వారాలైనా మానని పుండు కనిపిస్తే పళ్ల డాక్టర్‌కు చూపించి ఊరుకోకూడదు. ఇంట్లో ఆడవాళ్లు సిగ్గుతో రొమ్ములో గడ్డ సంగతి, ఆగని రక్తస్రావం సంగతి దాచుకుంటారు. అమ్మీ, ఖాలా, ఆపా అంటూ పిలిచే వాళ్లే అడిగి చెప్పించాలి. గడ్డ చిన్నగా ఉన్నప్పుడు వస్తే కిరణాలు బాగా పనిచేస్తాయి. పెద్దదై పాకిన తర్వాత వస్తే ఎంత పెద్ద మెషీన్ అయినా చేయగలిగింది తక్కువ.

ఓడెక్కి పోతే గానీ దొరకని ఇలాజ్‌ను 1955లో మెహదీ నవాజ్ జంగ్ బిచ్కుంద నుంచి ఒక్క బస్సు దూరంలోకి తెచ్చారు. ఆ బస్సు సకాలంలో ఎక్కించడం ఇంటివాళ్ల పని.