ద్రాక్షగుత్తి రాయి – జేమ్స్ స్మిత్సన్ జీవితం

గుండ్రటి రాళ్ళు అనగానే మనకు ఏటి ఒడ్డున దొరికే గులకరాళ్ళు గుర్తుకొస్తాయి. అవి ఎక్కడో కొండమీద విరిగి, ప్రవాహంలో దొర్లి దొర్లి, అంచులు అరిగి నునుపు తేలిన రాళ్ళు. కాని పుట్టుకతోనే గుండ్రంగా పెరిగే రాళ్ళు కూడా ప్రకృతిలో ఉన్నాయి. నీటిలో కరిగిన ఖనిజం రాతి సందుల్లో ఏదో ఒక నలుసును ఆధారం చేసుకొని పేరుకోవడం మొదలుపెడుతుంది. సన్నని స్ఫటికాలు ఆ నలుసు నుంచి అన్ని వైపులకూ కదంబపువ్వు కేసరాల్లాగ సాగుతాయి. అన్నీ ఒకే వేగంతో సాగితే చివరకు తేలేది బంతి. పక్కపక్కనే అనేక బంతులు పెరిగి ఒకదాన్నొకటి ఒరుసుకుంటే ద్రాక్షగుత్తి. అందుకే ఇలాంటి రూపాన్ని ఖనిజశాస్త్రంలో బోట్రియాయిడల్ అంటారు. ద్రాక్షగుత్తి అనే అర్థమిచ్చే గ్రీకు మాట నుంచి వచ్చిందది.

ఇలాంటి గుండ్రటి నమూనాల కోసం ప్రాణం పెట్టే సేకర్తలు ప్రపంచమంతటా ఉన్నారు. మహారాష్ట్రలోని నల్లరాతి క్వారీల్లో దొరికే ఓకెనైట్ అచ్చం పగిలిన పత్తికాయలాగ తెల్లగా, నూగుతో ఉంటుంది. మాలకైట్ ఆకుపచ్చ బుడిపెలుగా వస్తుంది. కాని ఈ జాతిలో సేకర్తలు అద్దాల బీరువాలో ముందు వరుసన పెట్టుకునే రాళ్ళలో ఒకటి స్మిత్సనైట్. అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో కెల్లీ గని నుంచి వచ్చినది నీలం, ఆకుపచ్చ కలిసిన రంగులో, మైనం పూసినట్టు నిగనిగలాడుతుంది. ఆఫ్రికాలో సుమెబ్ గని నుంచి వచ్చిన వాటిలో గులాబి రంగువీ ఉన్నాయి. ఆ నీలం రాగి వల్ల, ఈ గులాబి కోబాల్టు వల్ల. కాడ్మియం కలిస్తే పసుపు. అసలు పదార్థం మాత్రం జింకు కార్బొనేటు. ఏ రంగూ కలవకపోతే తెల్లగానే ఉంటుంది.

ఈ రాయికి తన పేరు దక్కిన మనిషి జేమ్స్ స్మిత్సన్. వాషింగ్టన్ లోని స్మిత్సోనియన్ సంస్థ పేరు వినని సైన్సు విద్యార్థి ఉండడు. ఆ పేరు వెనుక ఉన్న మనిషి సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

ఆయన 1765 ప్రాంతంలో పారిస్ లో పుట్టాడు. పుట్టుక రహస్యంగా జరిగింది. తల్లి ఎలిజబెత్ మేసీ, ఇంగ్లండులో మంచి వంశానికి చెందిన, ఆస్తిపాస్తులున్న వితంతువు. తండ్రి నార్తంబర్లండ్ డ్యూకు, దేశంలోని గొప్ప ప్రభువుల్లో ఒకడు. ఆ డ్యూకు మొదటి ఇంటిపేరే స్మిత్సన్. పెర్సీ వంశపు ఆడపడుచును పెళ్ళాడాక ఆ వంశం పేరు తీసుకున్నాడు. తల్లిదండ్రులకు వివాహబంధం లేదు కనుక ఈ పిల్లవాడికి తండ్రి పేరూ లేదు, బిరుదూ లేదు. జేమ్స్ లూయీ మేసీ అనే పేరుతో పెరిగాడు. సుమారు పదేళ్ళ వయసులో ఇంగ్లండు వచ్చి బ్రిటిష్ పౌరుడిగా నమోదయ్యాడు గాని, ఆ నమోదులోనే ఒక మెలిక ఉంది. రాజకీయ పదవులు, ప్రభుత్వోద్యోగాలు ఆయనకు నిషిద్ధం. డ్యూకు కొడుకే, కాని ఆ గడప తొక్కే హక్కు లేదు.

ఇలాంటి మనిషికి అప్పట్లో సైన్సు ఒక్కటే తలుపు తెరిచింది. 1782లో ఆక్స్ ఫర్డులోని పెంబ్రోక్ కాలేజీలో చేరాడు. కెమిస్ట్రీ, ఖనిజాలు తప్ప వేరే ధ్యాస లేకుండా చదివాడు. 1784లో, పందొమ్మిదేళ్ళ వయసులో, ఫోజా అనే ఫ్రెంచి భూగర్భ శాస్త్రజ్ఞుడి బృందంతో కలిసి స్కాట్లండు వెళ్ళాడు. స్టాఫా అనే చిన్న దీవిలో నల్లరాయి స్తంభాలుగా నిలబడి ఉంటుందని విని, పోటెత్తిన సముద్రంలో చిన్న పడవమీద అక్కడికి దాటాడు. రాళ్ళు ఏరుకొని వచ్చాడు. 1786లో డిగ్రీ పుచ్చుకున్నాడు. ఆ మరుసటి ఏడే, 1787లో, రాయల్ సొసైటీ ఆయన్ని సభ్యుడిగా ఎన్నుకుంది. అప్పటికి ఆయన వయసు ఇరవైరెండు. అంటే మనలో ఎమ్మెస్సీ చదివేవాళ్ళ వయసు!

ఇక్కడ మన తెలుగువాళ్ళకు ఆసక్తి కలిగించే ముచ్చట ఒకటుంది. ఆయన మొట్టమొదటి పరిశోధన వ్యాసానికి ముడిసరుకు మన దేశం నుంచే వెళ్ళింది. ఈస్టిండియా కంపెనీ తరఫున ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా పనిచేస్తూ విశాఖపట్నంలో ఉన్న పాట్రిక్ రసెల్ అనే వైద్యుడు, మన పాముల మీద పెద్ద గ్రంథం రాసినవాడు, వెదురు కణుపుల్లో గడ్డకట్టే ఒక తెల్లటి పదార్థం గురించి ఆరాతీశాడు. మన ఆయుర్వేద వైద్యులు తవక్షీరి అనేది దాన్నే. తెలుగువాళ్ళు దాన్ని వెదురుపాలు అంటారని కూడా రసెల్ రాసుకున్నాడు. ఆయన లండనుకు చేర్చిన నమూనాలు యువకుడైన మేసీ చేతికొచ్చాయి. వాటిలో హైదరాబాదు నుంచి వెళ్ళినది కూడా ఉంది. ఆయన వాటిని యాసిడ్లలో వేశాడు, క్షారాలతో ఉడికించాడు, మంటలో కాల్చాడు. చెట్టులో పుట్టిన ఆ పదార్థం గుణానికి రాయే అని, ఇసుకలో ఉండే సిలికాయేనని 1791లో ప్రకటించాడు. లండనుకు దగ్గర్లో ఒక గాజు తోటింట్లో పెరిగిన వెదురును చీలిస్తే, అరబఠాణీ గింజంత గుండ్రటి గులకరాయి దొరికిందనీ, అది గాజును గీరేంత గట్టిదనీ ఆ వ్యాసంలోనే చెప్పాడు. నేల నీటిలో కరిగిన సిలికాను వేళ్ళు పీల్చి పైకి పంపుతాయని ఈనాడు మనం బాటనీలో చదువుకుంటున్నాం. వరిగడ్డి కోస్తే చేతులు గీరుకుపోయేది కూడా ఆ సిలికా వల్లనే. ఈ సంగతికి తొలి ఆధారాల్లో ఒకటి మన వెదురుపాలు.

1800లో తల్లి చనిపోయింది. ఆ తరువాత మేసీ అనే పేరు వదిలి, తండ్రి అసలు ఇంటిపేరైన స్మిత్సన్ ను ఆయన తీసుకున్నాడు. ఎవరూ ఇవ్వని పేరును తానే తెచ్చుకున్నాడన్న మాట.

ఇక ఆయన పేరు నిలబెట్టిన పని. ఆ రోజుల్లో ఇత్తడి చేసేవాళ్ళు రాగితోపాటు కాలమైన్ అనే రాయిని బొగ్గులో కాల్చి వాడేవారు. గనివాళ్ళకు కాలమైన్ అంటే ఒకటే సరుకు. ఎక్కువభాగం బుడిపెలు బుడిపెలుగా, తుప్పురంగులోనో, బూడిదరంగులోనో ఉంటుంది. పండితులకూ అది ఏమిటో తేల్చుకోవడం కష్టమైంది. అదంతా ఒకే పదార్థమని, కార్బానిక్ యాసిడ్ వాయువు వస్తే అది సున్నపురాయి కల్తీ వల్లనేనని అనుకున్న పెద్దలున్నారు. స్మిత్సన్ నాలుగు చోట్ల నుంచి నమూనాలు తెప్పించుకున్నాడు: ఇంగ్లండులోని మెండిప్ కొండలు, డెర్బీషైర్, ఆస్ట్రియాలోని బ్లైబర్గ్, హంగరీ గనులు. ఒక్కొక్కదాన్ని తూచి, యాసిడ్ లో కరిగించి, పోయిన వాయువు బరువు ఎంతో, మిగిలిన జింకు ఆక్సైడు ఎంతో లెక్క తేల్చాడు. బుడిపెల రూపంలో ఉన్న మెండిప్ రాయిలో నూటికి సుమారు 65 వంతులు జింకు ఆక్సైడు, 35 వంతులు కార్బానిక్ యాసిడ్ వాయువు. ఇవాళ అణుభారాలు పెట్టి లెక్కకట్టినా దాదాపు అదే వస్తుంది. హంగరీ రాయిలో మాత్రం కార్బొనేటు లేదు, సిలికా ఉంది. అంటే ఒకే పేరుతో చలామణీ అవుతున్నవి కనీసం రెండు వేర్వేరు ఖనిజాలు. 1802లో రాయల్ సొసైటీ ముందు ఈ సంగతి చదివాడు. మరుసటి ఏడు అచ్చయింది. డాల్టన్ అణుసిద్ధాంతం పుస్తకరూపంలో రావడానికి ఇంకా ఐదేళ్ళుంది!

ఆయన పనితనమంతా సూక్ష్మంలో ఉంది. కంసాలి ఊదుగొట్టం వంటి బ్లోపైపు, చిన్న త్రాసు, ఆవగింజంత రాతిపలుకు ఉంటే చాలు, పరీక్ష చేసేవాడు. ఒకావిడ చెంపమీద జారుతున్న కన్నీటి బొట్టును పట్టుకొని, సగం జారిపోగా మిగిలిన సగంలోనే లవణాలున్నాయని తేల్చాడని ఆయన స్నేహితులు చెప్పుకునేవారు. కాఫీ బాగా కాచే పద్ధతిమీద కూడా 1823లో వ్యాసం రాశాడు. మొత్తం అచ్చయినవి 27 వ్యాసాలు. ఏ ఊళ్ళోనూ స్థిరంగా లేడు. పెళ్ళి చేసుకోలేదు. రాళ్ళ పెట్టెలు వెంటబెట్టుకొని యూరప్ అంతా తిరిగాడు. నెపోలియన్ యుద్ధాల కాలంలో, 1807 తరువాత, శత్రుదేశస్థుడని పట్టుకొని రెండేళ్ళు నిర్బంధంలో పెట్టారు. ఆరోగ్యం పాడైంది. సర్ జోసెఫ్ బ్యాంక్స్ పలుకుబడి వల్ల బయటపడ్డాడు. జూదం అలవాటు కూడా ఉండేదంటారు. మహనీయుల చరిత్రలో ఇలాంటివి దాచిపెట్టనక్కరలేదు.

1826 అక్టోబరులో వీలునామా రాశాడు. ఆస్తి తన మేనల్లుడికి. అతను సంతానం లేకుండా పోతే మొత్తం అమెరికా దేశానికి. అక్కడ వాషింగ్టన్ లో, మానవజాతి జ్ఞానాన్ని పెంచి పంచే సంస్థ ఒకటి తన పేరుతో స్థాపించాలని షరతు. ఆయన అమెరికాలో ఒక్కనాడూ కాలుపెట్టినవాడు కాదు. ఎందుకలా రాశాడో కారణం చెప్పలేదు. పుట్టుకనుబట్టి మనిషిని తూచే దేశాలు చూసి విసిగి, కులీన బిరుదులు లేని కొత్త దేశాన్ని ఎంచుకున్నాడేమో అని నాకనిపిస్తుంది. 1829 జూన్ 27న ఇటలీలోని జెనోవాలో చనిపోయాడు. 1835లో మేనల్లుడు సంతానం లేకుండా పోయాడు. ఆ డబ్బు తీసుకోవాలా వద్దా అని అమెరికా కాంగ్రెసులో వాదోపవాదాలు నడిచాయి. విదేశీయుడి దానం పుచ్చుకోవడం పరువుతక్కువ అన్నవాళ్ళూ ఉన్నారు. మాజీ ప్రెసిడెంటు జాన్ క్విన్సీ ఆడమ్స్ పట్టుబట్టి ఒప్పించాడు. 1838లో లక్షకు పైగా బంగారు నాణేలు ఓడలో వచ్చాయి. వాటి విలువ 5 లక్షల 8 వేల డాలర్ల పైచిలుకు. 1846లో సంస్థ ఏర్పడింది. ఈలోగా, 1832లో, ఫ్రాన్సు దేశపు ఖనిజశాస్త్రజ్ఞుడు బ్యూడాంట్ ఆ జింకు కార్బొనేటుకు స్మిత్సనైట్ అని పేరు పెట్టాడు. తాను పోయిన మూడేళ్ళకు పెట్టిన ఆ పేరు స్మిత్సన్ కు తెలియనే తెలియదు.

డబ్బుతోపాటు ఆయన రాళ్ళు కూడా వచ్చాయి. వేల సంఖ్యలో నమూనాలు, నోటు పుస్తకాలు, కాగితాలు. 1865 జనవరి 24న సంస్థ భవనంలో పనివాళ్ళు స్టవ్ గొట్టాన్ని పొగగూడు అనుకొని గోడలోని వేరే సందులో దూర్చారు. నిప్పంటుకుంది. జీవితమంతా ఏరిన రాళ్ళు, రాసుకున్న రాతలు ఒక్క మధ్యాహ్నంలో బూడిదయ్యాయి. ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో చక్కని స్మిత్సనైట్ నమూనాలున్నాయి. అవన్నీ ఇతరులు ఏరి తెచ్చినవే. చివరకు జెనోవాలో ఆయన సమాధి కూడా ఒక రాతి క్వారీ అంచుకొచ్చింది. కొండ తవ్వుతూ స్మశానం దాకా వచ్చేశారు. అప్పుడు టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్ స్వయంగా వెళ్ళి, 1904లో ఆ అస్థికలను వాషింగ్టన్ చేర్చాడు.

మిత్రులారా, సేకరణ అంటే మనకు బీరువా నింపడమే అనే అభిప్రాయం ఉంది. స్మిత్సన్ బీరువా కాలిపోయింది. ఆయన తూచి, కరిగించి, అచ్చువేయించిన ఆ కొద్ది అంకెలు మాత్రం కాలలేదు. పైకి ఒకేలా కనిపించే రెండు గుండ్రటి రాళ్ళలో ఏది ఏమిటో రూపం చెప్పదు, గనివాడు పెట్టిన పేరూ చెప్పదు. లోపల ఏముందో పరీక్షించినవాడికే తెలుస్తుంది. మనిషి విషయంలో కూడా అదే న్యాయమని, డ్యూకు గడప తొక్కలేని ఆ కొడుకు కథ చెబుతోంది. జింకు లోపించి తుప్పురంగు పడిన వరిచేలో జింకు సల్ఫేటు చల్లే మన రైతుకు స్మిత్సన్ పేరు తెలియకపోవచ్చు. మనకు తెలియాలి. ఈసారి జువాలజీ, కెమిస్ట్రీ, జియాలజీ అన్న తేడా లేకుండా, మన డిపార్టుమెంటు బీరువాల్లో చీటీలు ఊడిపోయి పడివున్న రాళ్ళు కనబడితే, దుమ్ము దులిపి ఒకసారి తూచి చూద్దాం.