పుండుకు కట్టు నేర్పిన జోసెఫ్ లిస్టర్

మంచం పట్టిన పెద్దలకు నడుము కింద, మడమల మీద పుండ్లు పడతాయి. అవి ఎంత మొండివో ఖిద్మత్ చేసిన వాళ్లకే తెలుసు. ఇవాళ అటువంటి పుండులో క్రిములు పెరిగితే డాక్టర్లు వెండి గాని, అయోడిన్ గాని, శుద్ధిచేసిన తేనె గాని ఉన్న కట్టు వేస్తున్నారు. ఈ దారి వేసిన మహనీయులలో జోసెఫ్ లిస్టర్ ముఖ్యుడు. ఆయన జీవితాన్ని క్లుప్తంగా మనవి చేస్తున్నాము.

లిస్టర్ 1827 ఏప్రిల్ 5న ఇంగ్లండులోని అప్టన్‌లో జన్మించాడు. తండ్రి ద్రాక్షసారా వర్తకుడు. అయినా సూక్ష్మదర్శిని కటకాలను మెరుగుపరచి పేరు పొందాడు. అలా కంటికి కనబడని లోకం కొడుక్కి చిన్ననాడే పరిచయమైంది. లండనులో వైద్యం చదివి, ఎడింబరోలో జేమ్స్ సైమ్ అనే శస్త్రవైద్యుని వద్ద పనిచేసి, 1856లో ఆయన కుమార్తె ఆగ్నెస్‌ను వివాహమాడాడు. ఆమె ఆయన పరిశోధనల్లో చేదోడుగా నిలిచింది. 1860లో గ్లాస్గోలో ఆచార్యుడయ్యాడు.

ఆ రోజుల్లో ఆపరేషన్ బాగానే జరిగేది, తర్వాత గాయం కుళ్లి రోగి చనిపోయేవాడు. చెడుగాలే కారణమని చాలామంది నమ్మేవారు. కుళ్లుకు సూక్ష్మక్రిములే మూలమన్న పాశ్చర్ రచనలు లిస్టర్‌ను ఆలోచింపజేశాయి. కార్లైల్ పట్టణంలో మురుగు కంపు పోవడానికి కార్బాలిక్ ఆమ్లం వాడారని తెలిసి, దాన్నే గాయాలపై వేసి చూశాడు.

1865 ఆగస్టులో 11 ఏళ్ల పిల్లవాడి కాలి మీదుగా బండిచక్రం పోయింది. ఎముక విరిగి చర్మం చీలింది. అటువంటి కాలును తరచు తీసేయడమే అప్పటి వైద్యం. లిస్టర్ కార్బాలిక్‌లో తడిపిన గుడ్డ కట్టాడు. నాలుగు రోజుల తర్వాత విప్పితే చీము లేదు! ఆరు వారాలకు ఎముక అతుక్కుంది. ఈ వివరాలన్నీ 1867లో ప్రకటించాడు.

అయితే ఒక చిక్కు ఉంది. క్రిమిని చంపే ఆ మందే చర్మాన్నీ మండించేది. మాకు ఆయన గొప్పతనం ఇక్కడే కనబడుతుంది. తన విజయాన్ని చూసి మురిసిపోలేదు. మందు గాఢత తగ్గించాడు, పుండుకూ కట్టుకూ మధ్య నూనెపట్టు పొర పెట్టాడు. గాలిలో మందు చిమ్మే పద్ధతి అవసరం లేదని తేలితే 1890 నాటికి దాన్నీ వదిలేశాడు. ఎందరో ఎగతాళి చేసినా పని మానలేదు. 1897లో ప్రభువు బిరుదు వచ్చింది. 1912 ఫిబ్రవరి 10న కన్నుమూశాడు.

క్రిమిని అణచాలి, కొత్త కండను కాపాడాలి. ఆయన పాఠం ఇదే. మంచాన ఉన్నవారి పుండుకు ఇంకొకటి కూడా కావాలి. బరువు ఒకేచోట నొక్కుతూ ఉంటే ఎంత ఖరీదైన కట్టయినా ఏం చేస్తుంది? డాక్టరు చెప్పిన వేళకు రోగిని పక్కకు తిప్పాలి, తడి లేకుండా చూడాలి, మంచి తిండి పెట్టాలి. కట్టు ఆస్పత్రి ఇస్తుంది. పక్కకు తిప్పే చేయి మాత్రం మన ఇంటిదే కదా!